ఉసిరి చెట్టు కింద ఇద్దరు రాజులు

కిందటి వారం మనం నరసింహను అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో, శ్రీవిద్య ఇంటి గుమ్మం బయట, చేతిలో ఉసిరికాయల సంచీతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఎనిమిది గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చిన మనిషి. తలుపు తీసిన వసుమతి అతన్ని లోపలికి రమ్మనలేదు. వెనక్కి తిరిగి కూతుర్ని, "ఇతన్ని ఎవరు పిలిచారు?" అని అడిగింది.

పిలిచింది శ్రీవిద్యే. ఆమె దగ్గరే ఉంటున్న తండ్రి ప్రొఫెసర్ ఆంజనేయప్రసాద్ పోయి రెండు నెలలైంది. మలయ్ వాళ్ళ పాత మలక్కా రాజ్యాన్ని ఏలిన తొలి రాజుల మీద ఆయన రాసిన పుస్తకం ఇన్నాళ్ళకి రెండో ముద్రణకి వచ్చింది. రేపు శనివారం మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో సంస్మరణ సభ, పుస్తకావిష్కరణ. ఎనభై మంది వస్తామన్నారు. తండ్రి కాగితాలు సర్దుతుంటే నరసింహ పేరుతో ఒక లావుపాటి ఫైల్ దొరికింది. ఇన్ని కాగితాలు దాచారంటే నాన్నకి ప్రియశిష్యుడై ఉంటాడని శ్రీవిద్య తనకు తానే తీర్మానించుకుని, సభలో మాట్లాడమని ఈమెయిల్ పెట్టింది. అమ్మకి సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పలేదు. అమెరికాలో పెరిగిన పిల్లలకి ఈ సర్‌ప్రైజ్‌ల పిచ్చి ఒకటి. ఇంట్లో పెద్దవాళ్ళు ఏ విషయం ఎందుకు ఎత్తరో వాళ్ళకి తట్టదు.

"నేనే పిలిచానమ్మా. లోపలికి రండి అంకుల్," అంది శ్రీవిద్య, తల్లి భుజం పక్కనుంచి ముందుకొచ్చి.

నరసింహ బూట్లు విప్పి, వాటిని గోడవారగా జతగా పెట్టి, లోపలికి వచ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి. నెరిసిన మీసం, ఆఫీసుకి వేసుకునే నీలం చొక్కా. హాల్లో ప్రొఫెసర్ ఫోటో, దాని ముందు చిన్న దీపం, పక్కన ఇంకా తెరవని కొత్త పుస్తకాల అట్టపెట్టె ఒకటి ఉన్నాయి. అతను ఫోటో ముందు నిలబడ్డాడు. చేతులు జోడిస్తాడని శ్రీవిద్య ఎదురు చూసింది. చాలాసేపు జోడించలేదు. ఆఖరికి సంచీలోంచి ఒక ఉసిరికాయ తీసి ఫోటో ముందు పెట్టాడు.

"ఫ్రోజెన్‌వి. మా ఎడిసన్‌ల మన దుకాన్లుండే ఓక్ ట్రీ రోడ్‌ల గివే దొరికినయ్," అన్నాడు. "ప్రతి సంవత్సరం ఫస్ట్ క్లాస్‌ల సార్ ఒక్కొక్కరికి ఒక ముక్క ఇచ్చేటోరు. తిన్నాక మంచినీళ్ళు తాగమనేటోరు. తెల్ల పిల్లలు మొహం అట్ల పెట్టి, నీళ్ళు తాగి, తియ్యగున్నయని ఆశ్చర్యపోయేటోళ్ళు."

శ్రీవిద్యకి ఆ మాట వింటే కళ్ళు చెమ్మగిల్లాయి. తండ్రి తనకీ ఆ కథ చెప్పేవాడు. ఆరువందల ఏళ్ళ కిందట పాలెంబాంగ్ నుంచి పరమేశ్వర అనే రాకుమారుడు పారిపోయి, ఇప్పటి సింగపూర్ ఉన్నచోట తలదాచుకున్నాడు. ఆశ్రయమిచ్చినవాణ్ణే చంపి, అక్కణ్ణించీ పారిపోయాడు. ఒక నది సముద్రంలో కలిసేచోట చెట్టు కింద సేద తీరుతుంటే, అతని వేటకుక్కని ఒక బుల్లి దుప్పి తన్ని నీళ్ళలోకి నెట్టింది. దుప్పికే ఇంత పౌరుషం ఉన్న నేల మంచిదన్నాడట. ఇదేం చెట్టని అడిగితే మలక అన్నారట. మలక అంటే మరేం కాదు, మన ఉసిరి చెట్టే. ఆ పేరే ఊరికి పెట్టాడు. చైనాకీ అరేబియాకీ నడిచే ఓడలన్నీ ఆగే రేవు అయిందది. మన కోస్తా నుంచి బట్టలు పట్టుకెళ్ళినవాళ్ళూ అక్కడే దిగారు.

"కూర్చోండి అంకుల్. కాఫీ తెస్తాను. రేపు మీరు టెన్ మినిట్స్ మాట్లాడితే చాలు. నాన్నతో మీ టైమ్ గురించి. చాలామందికి నాన్న టీచర్‌గా ఎలా ఉండేవారో తెలీదు," అంది.

"నేను మాట్లాడనీకి రాలే పాపా."

ముప్ఫై ఆరేళ్ళ శ్రీవిద్యని ఇంకా పాప అనేవాడు అతనొక్కడే. ఒహాయోలో వాళ్ళుండే రోజుల్లో ఆమెకి పన్నెండు పదమూడేళ్ళు. స్కూల్ బస్ తప్పిపోతే నరసింహే వచ్చి కార్లో దింపేవాడు.

"మరి?"

"మేడమ్‌ని ఒక్క మాట అడగనీకి వచ్చిన."

వసుమతి ఇంకా తలుపు దగ్గరే ఉంది. తలుపు వేసింది గాని గొళ్ళెం మీద చెయ్యి తియ్యలేదు. శ్రీవిద్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇంట్లో భర్తా పిల్లలూ లేకపోవడం మంచిదే అయిందని మొదటిసారి అనిపించింది. అవినాష్ పిల్లల్ని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళాడు.

"ఏం మాట?" అంది వసుమతి.

"మేడం, రెండువేల రెండు, సెప్టెంబర్‌ల నేను ఫోన్ చేసిన. మీరే ఎత్తిన్రు. సార్ దేశంల లేరు, లైడెన్‌ల ఉన్నరు అని చెప్పిన్రు. సార్ కమిటీకి మళ్ళ రాస్తనన్నరు కదా మేడం, రాసిండ్రా అని అడిగిన. మీరు ఏం చెప్పిన్రో యాదికున్నదా?"

వసుమతి గొళ్ళెం తీసి మళ్ళీ వేసింది.

"నాకున్నది. 'మీ సార్ అభిప్రాయం మార్చుకోలేదు నరసింహా. ఇక ఫోన్ చెయ్యకు' అన్నరు. ఇరవై మూడేండ్లసంది ఫోన్ చెయ్యలే. సార్ పోయిండని మొన్న పాప రాసేదాంక నాకు తెల్వదు. ఇప్పుడు సార్‌ని అడగలేను. అందుకే మిమ్మల్ని అడగాల్నని వచ్చిన. అభిప్రాయం మార్చుకోనోడు, నా దగ్గర అట్లెందుకన్నడు? లైడెన్ పొయ్యే ముందురోజు, పార్కింగ్ లాట్‌ల నా చెయ్యి పట్టుకొని, 'నువ్వే కరెక్టు, నేనే తప్పు, కమిటీకి రాస్తా' అన్నడు. ఎందుకన్నడు?"

శ్రీవిద్యకి ఏమీ అర్థం కాలేదు. "వెయిట్, వెయిట్. ఏం కమిటీ? మీరు నాన్న ఫేవరెట్ స్టూడెంట్ కాదా?"

నరసింహ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి తన ఈమెయిల్ గుర్తొచ్చి సిగ్గేసింది. 'మీకు నాన్నంటే ఎంత ప్రేమో నాకు తెలుసు' అని రాసింది అందులో.

"ఫేవరెట్టే," అన్నాడు. "అదే కదా కష్టం."

తర్వాత అతను చెప్పింది ఆమె నిలబడే వింది. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నరసింహ, ఆంజనేయప్రసాద్ రాసిన ఒక వ్యాసం చదివి, ఆయన దగ్గరే చదవాలని ఒహాయో వచ్చాడు. మలక్కా గురించి మలయ్ వాళ్ళు రాసుకున్న కథలు చాలా తర్వాతి కాలానివి. ఆ రోజుల్లోనే రాసినవి చైనా ఆస్థానం రికార్డులు. అవి చదవాలంటే పాత చైనీస్ రావాలి. ప్రొఫెసర్‌కి రాదు, అనువాదాలే దిక్కు. నరసింహ నాలుగేళ్ళు కూర్చుని ఆ భాష నేర్చుకున్నాడు. సిరిసిల్ల నుంచి అమెరికా వెళ్ళి పాత చైనీస్ నేర్చుకున్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటా అని అప్పట్లో తనే జోకులు వేసుకునేవాడు.

ప్రొఫెసర్ పుస్తకం మొదటి ముద్రణ అప్పటికే వచ్చింది. దాని ప్రాణమంతా ఒక్క వాదంలో ఉంది. చాలామంది చరిత్రకారులు మొదటి రాజు పరమేశ్వర, రెండో రాజు ఇస్కందర్ షా తండ్రీ కొడుకులంటారు. కాదు, ఇద్దరూ ఒక్కరే, ముసలితనంలో మతంతోపాటు పేరూ మార్చుకున్నాడు, కొత్త పేరు విని చైనా గుమాస్తాలు కొత్త రాజు అనుకున్నారు అన్న పాత వాదాన్ని ఆయన కొత్త బలంతో లేవదీశాడు. ఆ ధైర్యానికే పుస్తకానికి పేరొచ్చింది.

"నేను ఆ రికార్డ్ చదివిన," అన్నాడు నరసింహ. "పద్నాలుగువందల పదకొండుల పరమేశ్వర చైనాకు పోయిండు. భార్యతోని, కొడుకుతోని, ఐదువందల నలభై మందితోని. చక్రవర్తి విందులిచ్చిండు, బట్టలు పెట్టిండు. మూడేండ్లకు కొడుకు మళ్ళ వచ్చి, మా నాయిన చనిపోయిండు అని చెప్పిండు. చక్రవర్తి నాయిన బిరుదు కొడుక్కిచ్చిండు. గంతే ఉన్నది అండ్ల. మూడేండ్ల కింద తండ్రినీ కొడుకునూ పక్కపక్కన కూసుండబెట్టి అన్నం పెట్టినోళ్ళు, తండ్రి ఎవరో కొడుకెవరో మర్చిపోతరా? పేరుకైతే మోసపోవచ్చు. మొహానికి మోసపోరు. గదే నా థీసిస్."

"నాన్న ఏమన్నారు?"

"మొదట కోపమొచ్చింది. థీసిస్ యాక్సెప్ట్ చెయ్యొద్దని, దాన్ని చూసే కమిటీకి రిపోర్ట్ రాసిండు. నెలరోజులు నాతోని మాట్లాడలే. తర్వాత ఒకరోజు పార్కింగ్ లాట్‌ల చెయ్యి పట్టుకున్నడు. చెప్పిన కదా." నరసింహ చేతిలోని సంచీ కింద పెట్టాడు. "రెండో లెటర్ కమిటీకి రాలే. మొదటి రిపోర్టే ఉండె. నా ఫండింగ్ ఆగిపొయ్యింది, ప్రోగ్రామ్ నుంచి తీసేసిన్రు. వీసా స్టేటస్ పోతదని ఒక కన్సల్టెన్సీల చేరి న్యూజెర్సీ పోయిన. ఇరవై మూడేండ్ల నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న. మంచిగనే ఉన్న, ఇల్లున్నది, ఏం లోటు లేదు. కని మొన్న నీ ఈమెయిల్ వచ్చినంక పాత నోట్సు తీసిన పాపా. నేను రాసిన అక్షరాలు నేనే చదవలేకపోయిన. ఒక్క ముక్క వస్తలేదు."

అంతవరకు నిబ్బరంగా చెప్పినవాడు ఆ మాట దగ్గర ఏడ్చాడు. మగవాళ్ళు అలవాటు లేక ఏడిస్తే ఎలా ఉంటుందో అలా, ముఖం పక్కకి తిప్పుకుని, ఎవరో కొట్టినట్టు. శ్రీవిద్య టిష్యూ డబ్బా అందించింది. తండ్రి మీద ఆమెకి పట్టరాని కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకుంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఫోటో వైపు చూడలేక కార్పెట్ వైపు చూసింది.

"నాన్న అలా చేశారా? ప్రామిస్ చేసి?"

"ఆయన్నేం అనకు," అంది వసుమతి.

తలుపు దగ్గర్నుంచి కదిలి, మెట్లెక్కి పైకి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఎక్కే మనిషి, ఇవాళ చకచకా ఎక్కింది. కిందికి వచ్చేసరికి ఆమె చేతిలో పాత పట్టుచీర మడత, ఆ మడతలో పసుపు కాగితాల ప్యాడ్ ఒకటి ఉన్నాయి.

ఆ పసుపు ప్యాడ్ల సంగతి మన పాఠకులకి తెలుసు, కానీ మరోసారి చెప్పుకోవాలి, కథంతా దాన్లోనే ఉంది. ఆంజనేయప్రసాద్ క్లాసులో ఇంగ్లీషు ధారగా మాట్లాడేవాడు, కానీ రాయడానికి కూర్చుంటే తెలుగులోనే. పుస్తకమైనా, వ్యాసమైనా, డీన్‌కి ఉత్తరమైనా ముందు పసుపు కాగితం మీద తెలుగు. దాన్ని వసుమతి ఇంగ్లీషు చేసి, టైప్ చేసి, ఆయన చేత సంతకం పెట్టించి, పోస్ట్ చేసేది. ఊళ్ళో లేకపోతే ముందే సంతకం చేసిన లెటర్‌హెడ్లు ఇచ్చి వెళ్ళేవాడు. ముప్ఫై ఏళ్ళు వాళ్ళ సంసారం అలా నడిచింది. ఆయన మాట ఆమె చేతుల మీదుగా తప్ప లోకంలోకి వెళ్ళేది కాదు.

"రాశారు," అంది వసుమతి, ప్యాడ్‌ని నరసింహ ముందు టీపాయ్ మీద పెట్టి. "నీకు మాటిచ్చిన రోజు రాత్రే రాశారు. టైప్ చేసి కమిటీకి పంపమని నా చేతికిచ్చి తెల్లారి లైడెన్ వెళ్ళారు. నేను టైప్ చెయ్యలేదు."

"అమ్మా!"

"చెప్పనీ. అప్పటికి హెచ్‌వన్ వీసాకి ఆఖరి సంవత్సరం, ఆరోది. టెన్యూర్ వచ్చి ఉద్యోగం పర్మనెంటైతేనే గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తామన్నారు. ఆ పుస్తకాన్ని చూసే కదా టెన్యూర్ ఇచ్చేది. ఇది పంపితే, నా పుస్తకం తప్పు అని ఆయన చేతులారా రాసిచ్చినట్టే. పెట్టే బేడా సర్దుకుని వెళ్ళాలి. నువ్వు ఎయిత్ గ్రేడ్. ఇంటికొచ్చి ఇంగ్లీషులో కలలొస్తున్నాయని చెప్పావు ఆ వారమే. నిన్ను తీసుకెళ్ళి ఏ స్కూల్లో వెయ్యను? ఒక్కరోజు ఆగి పంపుదాం అనుకున్నాను. రెండోరోజు నరసింహ ఫోన్ వచ్చింది. నోటికి ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. ఒకసారి అన్నాక ఇక..."

ఆమె కూర్చుంది. నరసింహ ఎదురుగా, వంగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.

"వచ్చాక అడిగారు. పంపావా అని. పంపాను, వాళ్ళే వినలేదేమో అన్నాను. నమ్మారు. నన్ను నమ్మక ఎవర్ని నమ్ముతారు? ఆయన చివరిదాకా నువ్వే అలిగావనుకున్నారు, నరసింహా. ఉత్తరం రాసినా వాడు నన్ను క్షమించలేదని. ఆ దిగులుతోనే పోయారు. అడగాల్సింది నన్ను. ఆయనకి ఏ పాపం తెలీదు. అదంతా నా ఒక్కదానిదే. దీన్ని నా చీరల పెట్టెలో పెట్టాక మళ్ళీ ఇవాళే ముట్టుకోవడం."

పక్కింటి వాళ్ళ లాన్ మోవర్ చప్పుడు కిటికీలోంచి వస్తూ ఉంది. నరసింహ తిడతాడని శ్రీవిద్య భయపడింది. లేచి వెళ్ళిపోతాడేమో అనుకుంది. అతను ప్యాడ్ వైపు చూస్తూ, "చదవొచ్చా?" అని మాత్రం అడిగాడు.

"నీ ఉత్తరమే కదా."

"గట్టిగా చదవండి అంకుల్," అంది శ్రీవిద్య. "నాకు తెలుగు చదవడం రాదు."

నరసింహ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తన నోట తన గురించి చదువుకోవడానికి ఇబ్బంది పడుతూ, కొన్నిచోట్ల గొంతు తగ్గిస్తూ చదివాడు.

"'కమిటీ సభ్యులకు. నరసింహ థీసిస్ మీద నేను ఇచ్చిన రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. అతని పఠనం సరైనది. నా పుస్తకం ఐదో అధ్యాయం తప్పు. ఆ రాజ్యం కట్టినవాడు ఒకడు, తండ్రి పోయాడని సముద్రం దాటి వెళ్ళి చెప్పి, దాన్ని నిలబెట్టినవాడు ఇంకొకడు. నా వాదం నిలవాలని ఆ రెండోవాడిని చరిత్రలోంచి తుడిచేశాను. నా శిష్యుడు అతన్ని తిరిగి తెచ్చాడు. ఇంతకంటే మంచి థీసిస్ నా చేతుల మీదుగా రాలేదు, రాదు.'"

నరసింహ ఆగాడు. ఇరవై మూడేళ్ళుగా తనకి రావాల్సిన మాటలవి. అతని ముఖంలో సంతోషం కనిపిస్తుందని మనం అనుకుంటాం. కనిపించలేదు. పెళ్ళి అయిపోయిన ఇంటికి ఆలస్యంగా వచ్చిన శుభలేఖలా చూశాడు ఆ కాగితాన్ని. తర్వాత, చదివేవాళ్ళ అలవాటు కొద్దీ, వెనక ఇంకేమైనా ఉందేమోనని తిప్పాడు.

ఉంది.

"మేడం," అన్నాడు. "మీరు మళ్ళ తెరవలేదన్నరు కదా."

"లేదు."

"సార్ తెరిచిండు."

వసుమతి అతని వైపు అర్థం కానట్టు చూసింది. నరసింహ మెల్లిగా చదివాడు. అదే చేతిరాత, ఒక్కో ముక్కా ఒక్కో రంగు సిరాతో.

"'12 నవంబర్ 2002. పాస్‌పోర్ట్ కోసం నీ చీరల పెట్టె తీస్తే ఇది దొరికింది వసూ. నువ్వు టైప్ చెయ్యలేదన్నమాట. పోనీలే. నేనే రేపు ఇంగ్లీషులో రాసి పంపుతాను.'

"'మార్చి 2003. పంపలేదు. టెన్యూర్ వచ్చింది.'

"'జూలై 2006. గ్రీన్ కార్డులు వచ్చాయి. ఇక అడ్డేమీ లేదు. పంపలేదు.'

"'2011. విద్య డిగ్రీ అయింది. నరసింహ ఎడిసన్‌లో ఉన్నాడట. నంబర్ సంపాదించాను. చెయ్యలేదు.'

"'2018. ఈ పెట్టె తీసిన ప్రతిసారీ, వసూ చూస్తుంది, అడుగుతుంది, అప్పుడు చెబుదాం అనుకుంటాను. తను తియ్యదు. నేను చెప్పను.'"

"ఆపు," అంది వసుమతి.

అతను ఆపాడు.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండును. ఇన్నేళ్ళూ ఆమెకి ఉన్న ఆధారం ఒక్కటే: పాపం నాది, ఆయన మచ్చలేని మనిషి. ఆ భారం మోయడంలోనే ఆమెకి ఒక రకమైన నిమ్మళం ఉండేది. ఒకే పెట్టె, ఒకే ఇల్లు, ఒకే మంచం. ఇద్దరికీ తెలుసు, రెండోవాళ్ళకి తెలీదనుకుని ఇద్దరూ ఊరుకున్నారు. రాత్రి మజ్జిగ పోస్తూ, బీపీ మాత్ర ఇస్తూ, ఎన్ని వేలసార్లు ఎదురెదురుగా కూర్చున్నారో.

"తెలిసీ నాకు చెప్పలేదా," అంది, ఫోటోతో. "తెలిసీ ఇరవై మూడేళ్ళు నాతో కాపురం చేశారా."

"ఇంకొక్కటి ఉన్నది మేడం. ఈ ఫిబ్రవరిది. అక్షరాలు వంకరగున్నయ్."

"చదవండి అంకుల్," అంది శ్రీవిద్య.

"'స్ట్రోక్ వచ్చాక ఇంగ్లీషు మొత్తం పోయింది. తెలుగు ఒక్కటే మిగిలింది. ఒకందుకు మంచిదే, ఇక ఇంగ్లీషులో రాయాలని సాకు చెప్పక్కర్లేదు. తెల్ల కాగితం మీద మళ్ళీ రాశాను. ఈసారి వసూ చేతికి ఇవ్వలేదు. పబ్లిషర్ పంపిన రిటర్న్ కవర్లో పెట్టి, మెయిల్‌బాక్స్ దాకా నేనే నడిచి వెళ్ళి వేశాను.'"

శ్రీవిద్య నోటిమీద చెయ్యి పెట్టుకుంది. జూన్‌లో ఎడిటర్ పంపిన ఈమెయిల్ గుర్తొచ్చింది. మీ నాన్నగారి చేతిరాతలో ఒక పేజీ వచ్చింది, 'మొదటి పేజీ' అని స్టికీ నోట్ అంటించారు, అంకితమో ప్రార్థనో అనుకుంటున్నాం, ఆ లిపి ఎంత అందంగా ఉందో, అలాగే ఫోటో తీసి పుస్తకం మొదట్లో వేస్తున్నాం అని. శ్రీవిద్య ఆ బొమ్మ చూసింది. గుండ్రటి అక్షరాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 'బ్యూటిఫుల్, ప్లీజ్ గో అహెడ్' అని జవాబిచ్చింది. అప్పటికి నాన్న బతికే ఉన్నాడు, పక్క గదిలోనే ఉన్నాడు, ఇదేమిటి నాన్నా అని వెళ్ళి అడగాలని తోచలేదు. అమ్మకి చూపిస్తే చదివేది. అమ్మకి సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంది.

అట్టపెట్టె దగ్గరికి వెళ్ళి కారు తాళంచెవితో టేపు కోసింది. మంచిరోజు చూసి తెరవాలని తల్లి ఆపిన పెట్టె అది. పైనున్న పుస్తకం తీసి అట్ట తిప్పింది. పేజీ నిండా తండ్రి వంకర అక్షరాలు. అమెరికావాళ్ళు దాన్నొక ముగ్గులా చూసి తిప్పేసుకుంటారు. రేపు లైబ్రరీ హాల్లో కూర్చునే ఎనభై మందీ తెలుగువాళ్ళే.

"అమ్మా, నువ్వు చదువు," అంది, పుస్తకం ముందుకు చాపి.

వసుమతి చదివింది. పైకి కాదు, లోపల. పెదవులు మాత్రం కదిలాయి. పేజీ సగంలో ఆమె ముఖం మారింది. పుస్తకాన్ని నరసింహకి ఇచ్చి, వేలితో ఒక చోటు చూపించింది.

నరసింహ పైకి చదివాడు. "'నా శిష్యుడికి న్యాయం చేసే ఉత్తరం 2002లో రాశాను. దాన్ని పంపకుండా ఆపింది నేనే. ఇందులో మరెవరి ప్రమేయమూ లేదు. ఈ తప్పు నా ఒక్కడిది.'" పుస్తకం దించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూసిన్రా మేడం. ఆఖరికి కూడ సార్ గదే తప్పు చేసిండు. ఇద్దర్ని ఒక్కర్ని చేసిండు."

ఆ మాటలో వెక్కిరింత లేదు. గురువుగారి పద్ధతి బాగా ఎరిగిన శిష్యుడి దిగులే ఉంది. వసుమతికి అప్పుడొచ్చింది ఏడుపు. ఆయన తనని కాపాడినందుకో, అడక్కుండా కాపాడినందుకో ఆమెకే తెలీదు. శ్రీవిద్య పక్కన కూర్చుని వీపు నిమిరింది. నరసింహ వంటగదిలోకి వెళ్ళి, గ్లాసులు ఎక్కడున్నాయో వెతుక్కుని, మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

సగం గ్లాసు తాగి, పైట చెంగుతో ముఖం తుడుచుకుని, ఆమె అంది. "విద్యా, నీ లాప్‌టాప్ ఇలా ఇవ్వు."

"ఎందుకమ్మా?"

"ఆనాడు టైప్ చెయ్యనిది ఇవాళ చెయ్యాలి. ఆ ఉత్తరం మొత్తం, ఇంగ్లీషులో. చివర ఒక్క పేరా నాది. రేపు సభలో నేనే చదువుతాను."

"అమ్మా, ఎనభై మంది. అందరూ నాన్న అంటే..." శ్రీవిద్యకి మాట పూర్తి కాలేదు. "నీ గురించి ఏమనుకుంటారు? ఈ పేజీ ఒక్కటి చింపేస్తే? ఇవాళ కూర్చుంటే అన్ని కాపీలూ చింపేయొచ్చు. అంకుల్‌కి సెపరేట్‌గా..."

అనేసి, నరసింహ వైపు చూసి, తల దించుకుంది. పన్నెండేళ్ళప్పుడు తనని స్కూల్లో దింపిన మనిషి ముందు ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. అమ్మకి ఆ రోజు ఫోన్లో మాట ఎలా వచ్చిందో ఇప్పుడు కొంచెం తెలిసింది. నరసింహ చింపమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"ఇయ్యి తల్లీ," అంది వసుమతి.

లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద ఉంది. శ్రీవిద్య మూత తీస్తే, పొద్దున రాసుకుంటూ వదిలేసిన పేజీ వెలిగింది. రేపు సభలో తను చదవాల్సిన నాలుగు పేజీల ప్రసంగం. మొదటి వాక్యం, 'మా నాన్న జీవితంలో ఎవరికీ అన్యాయం చేయలేదు' అని ఇంగ్లీషులో ఉంది. ఆ వాక్యం కోసం మూడు రోజులు కష్టపడింది.

వెనక తల్లి కుర్చీ లాక్కుంటున్న చప్పుడైంది. శ్రీవిద్య పేజీ మూయబోయింది. సేవ్ చేసి దాచాలా, వద్దా అని లాప్‌టాప్ అడిగింది. ఆమె వేలు ఆ రెండింటి మధ్యా ఆగిపోయింది.